బీఎస్‌ఏ ఎం20 హ్యాండిల్‌: ఏళ్ల తరబడి నడిపిన తరువాత

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం కోసం లక్షకు పైగా తయారైన బీఎస్‌ఏ ఎం20 మోటార్‌సైకిల్‌ను నేను చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. దాని 496 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజిన్ గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కనుక ఈ సమీక్షను హ్యాండిల్‌కే పరిమితం చేస్తున్నాను.

క్లచ్, ముందు బ్రేకు, తిప్పే యాక్సిలరేటర్ నేటి బండ్లలో ఉన్న చోటే ఉన్నాయి. వీటికి తోడు కార్బ్యురేటర్‌కు గాలిని తగ్గించే లివరు కుడివైపున, స్పార్క్ పడే సమయాన్ని మార్చే లివరు ఎడమవైపున ఉంటాయి. ఎగ్జాస్ట్ వాల్వును ఎత్తిపట్టి సిలిండర్‌లో ఒత్తిడిని తగ్గించే డీకంప్రెషర్ లివరు వేరే ఉంది. గాలి లివరుతో పని ఇంజిన్ వేడెక్కేవరకే. ఈ బండిని నడపడమంటే ప్రధానంగా స్పార్క్ లివరును వాడడం నేర్చుకోవడమే.

స్పార్క్‌ను వెనక్కి జరపకుండా, అంటే ఆలస్యంగా పడేలా సర్దకుండా, కిక్ కొడితే, పిస్టన్ పైకి చేరకముందే పెట్రోలు మండి కిక్ రాడ్ కాలిని బలంగా వెనక్కి తన్నే ప్రమాదం ఉంది. అందువల్ల ముందు ఆ లివరును సర్ది, డీకంప్రెషర్ నొక్కి పిస్టన్‌ను కంప్రెషన్ (లోపలి గాలి, పెట్రోలు బాగా ఒత్తుకునే దశ) దాటించి, ఆపైనే కిక్ కొట్టాలి. ఇంజిన్ అందుకున్నాక స్పార్క్‌ను మళ్లీ ముందుకు తేకపోతే బండి లాగదు, సైలెన్సర్ పైపు విపరీతంగా వేడెక్కుతుంది. ఘాట్ రోడ్డుపై వేగం పడిపోయి ఇంజిన్ టకటకమని కొట్టుకుంటున్నప్పుడు, ఈ లివరును కాస్త వెనక్కి జరిపితే ఆ చప్పుడు తగ్గి బండి నింపాదిగా ఎక్కుతుంది. ఇంజిన్ మాట వింటూ దానికి చేత్తో బదులివ్వగల ఈ అవకాశం, తరువాతి బండ్లలో స్పార్క్ దానంతటదే సర్దుకోవడంతో పోయింది. నాకు అది నిజంగా లోటే.

అయితే ఎం20 నాటికే రౌతు చేతులకు ఎంతో భారం తగ్గింది. 1915 నాటి ట్రయంఫ్ మోడల్ హెచ్‌లో తిప్పే యాక్సిలరేటర్ లేదు. వేగానికి ఒకటి, గాలికి ఒకటిగా రెండు లివర్లను నడుపుతూనే సర్దుకోవాలి, పైగా గేరు మార్చాలంటే హ్యాండిల్ వదిలి ట్యాంకు పక్కనున్న లివరును పట్టుకోవాలి. ఎం20లో గేరు కాలికి మారింది కనుక గతుకుల రోడ్డు మీద రెండు చేతులూ హ్యాండిల్‌పైనే ఉంటాయి.

లోపం లేకపోలేదు. స్పార్క్ లివరు బిగుతు తగ్గితే కుదుపులకు అది తనంతట తానే జరుగుతుంది, అప్పుడు బండి ఎందుకు లాగడం లేదో వెంటనే అర్థం కాదు. కొనేవారు మాగ్నెటో (స్పార్క్‌కు కరెంటు పుట్టించే పరికరం) వైపు ఈ లివరు కేబుల్ చివర పోగులు తెగాయేమో, లివరు పెట్టిన చోట నిలుస్తుందో లేదో తప్పక చూసుకోవాలి.