ఇంటి కూరగాయలకు ఎవరి మాట వినాలి? షాపువాడా, కేవీకేనా, సంతలో ముసలమ్మా?

ఒడిశా గజపతి జిల్లాలోని మా పర్లాకిమిడిలో దొడ్డి ఉన్న ఇళ్లు తగ్గిపోతున్నాయి గానీ, ఇంట్లోనే నాలుగు కాయలు కాయించుకోవాలన్న సరదా మాత్రం పెరుగుతోంది. కలిసినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: మేడ మీద సంచుల్లో వేస్తే మేలా, నేలలో వేస్తే మేలా? దీనికి అంత తర్జనభర్జన అక్కర్లేదు. కాస్త నేల ఉన్నా నేలే మేలు. 12 అంగుళాల సంచి నీళ్లు పోశాక 20 కిలోలు దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలా తడి అడుగుతుంది. మట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు అన్నీ కొనుక్కోవాలి. పైగా మన తీరానికి తుఫాన్ల బెడద ఉండనే ఉంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే ఒడ్డు తాకాయి. ఆనప పందిరి నిండుగా ఉండే రోజులవి. నేల లేనివాళ్లకు మేడే గతి, కాదనను. వాళ్లు వానాకాలం పందిళ్ల జోలికి పోకుండా ఆకుకూరలు, మిరప, వంగతో సరిపెట్టుకుంటే మంచిది.

ఆశ కూడా కొంచెం అదుపులో ఉండాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైమాటే. ఆ లెక్క మేడ మీద సంచులతో తీరదు. ఆకుకూర, పచ్చిమిరప, కరివేపాకు బజారు నుంచి తేవడం మానేయగలిగితే అదే గొప్ప.

నాకు అసలు ప్రశ్నగా తోచేది వేరు. నిన్న బాగున్న మొక్క ఇవాళ తల వాల్చేస్తే ఎవరిని అడగాలి? మాకు దారులు మూడున్నాయి. బజారులో విత్తనాలూ మందులూ అమ్మే షాపు. రైతులకు సాగు సలహాలిచ్చే సర్కారు వాళ్ల కృషి విజ్ఞాన కేంద్రం, అందరూ కేవీకే అంటారు. మూడోది, సంతలో విత్తనాలు మూటగట్టుకొచ్చే ముసలమ్మ, లేదా మన వీధిలోనే దొడ్డి తవ్వుకుంటూ తల పండిన మామ్మ.

షాపుకున్న సుఖం దగ్గరగా ఉండటం. పొద్దున్నే తీస్తాడు, తెలుగులో మాట్లాడతాడు, కవర్లో వేసుకెళ్లిన ఆకు చూసి నిమిషంలో సీసా చేతిలో పెడతాడు. ఇబ్బంది కూడా ఆ సీసాతోనే. దాని మీద మోతాదు ఎకరానికో, స్ప్రేయరు ట్యాంకుకో రాసి ఉంటుంది. మన ఎనిమిది మొక్కలకు ఎన్ని చుక్కలో ఎవరూ చెప్పరు. కొట్టాక ఎన్నాళ్లు ఆగి కోయాలో అడిగితే షాపువాడు మనల్ని వింతగా చూస్తాడు. పొలంలో రోజులు విడిచి కోస్తారు, మనం రోజూ కూరకు గిల్లుకుంటాం. ఆ తేడా ఆ సీసాకు తెలియదు.

అలాగని షాపును పూర్తిగా కొట్టిపారేయలేం. బెండ గింజల విషయంలో నేను షాపు వైపే. నాటు బెండకు పల్లాకు తెగులు వచ్చిందంటే ఈనెలన్నీ పసుపెక్కి, కాయ తెల్లబడి గిడసబారిపోతుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, వచ్చాక మందు లేదు, మొక్క పీకెయ్యాల్సిందే. తట్టుకునే రకం ప్యాకెట్లో దొరుకుతుంది, సంతలో దొరకదు. ప్యాకెట్ కొనేటప్పుడు మొలక పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ చూసుకోండి. గులాబీ రంగో పచ్చ రంగో పూసిన గింజలు మందు పట్టించినవి, పిల్లల చేతికి ఇవ్వకండి. హైబ్రిడ్ కాయల్లోంచి గింజ దాచుకుని మళ్లీ వేస్తే తల్లి గుణం రాదు, కాబట్టి ఏటా కొనాల్సిందే.

ఇక కేవీకే. గజపతి జిల్లాది ఆర్. ఉదయగిరిలో, కొండ మీద ఉంది. రాయగడ జిల్లాది గుణుపురంలో ఉంది కాబట్టి ఆ ఊరివాళ్లది అదృష్టం. నాలుగు వంగ మొక్కల కోసం ఘాటీ ఎక్కి వెళ్లమని నేనెవరికీ చెప్పను. ఫోన్లో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది, పైసా ఖర్చు లేదు, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా పలుకుతారు. ఒడియాలో అడగడానికి మనకేం మొహమాటం! పల్లెల్లో స్వయం సహాయక సంఘాల్లో ఉన్నవాళ్లు ఒడిశా సర్కారు 'మో ఉపకారీ బగీచా' పథకం కింద పెరటి తోటకు ఏమిస్తున్నారో సంఘంలోనే కనుక్కోవచ్చు. ఊళ్లోనే సెంచూరియన్ యూనివర్సిటీలో వ్యవసాయం చదివే పిల్లలున్నారు. అద్దెకుండే కుర్రాడు వాళ్లలో ఒకడైతే సగం పని అయినట్టే.

ఈ ముగ్గురి తేడా తేలిపోయేది వంగ దగ్గర. ఆకు పచ్చగా ఉండగానే, నీళ్లు ఉండగానే, మొక్క మొక్కంతా ఒక్కరోజులో వాడిపోతుంది. మాకు ఇది మామూలే. షాపులో యాంటీబయాటిక్ పొడీ రాగి మందూ కలిపి మొదట్లో పొయ్యమంటారు. ముసలమ్మ మొక్కను చూడకుండానే, "వంగ మీద వంగేస్తే సావదేటి బాబూ?" అంటుంది. కేవీకే శాస్త్రవేత్త ఒక పరీక్ష చెబుతాడు: కాండాన్ని మొదట్లో కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులో నీళ్లలో నిలబెట్టు. కాసేపటికి పాలలాంటి తెల్లటి దారం కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఏమీ జారకుండా, కింది ఆకులు ముందే పసుపెక్కి ఉంటే శిలీంద్రం. వేళ్లకు బుడిపెలుంటే నులిపురుగులు.

బాక్టీరియా అని తేలితే షాపులో కొన్న ఏ పొడీ పెద్దగా పనిచేయదు. అది మట్టిలో ఉంటుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. వంగ, టమాటా, మిరప అన్నీ ఒకే కుటుంబం కనుక అన్నింటినీ పట్టుకుంటుంది. అంటే ముసలమ్మ మాట అక్షరాలా నిజం. ఆ మడిలో రెండు మూడేళ్లు బీర, తోటకూర, మొక్కజొన్న లాంటివి తిప్పాలి. కానీ ఉన్నదే ఒక్క మడి అయితే? ముసలమ్మ దగ్గర జవాబు లేనిది ఇక్కడే. భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులుకే తట్టుకునే రకాలు తీసింది, వంగలో ఉత్కల్ తారిణి, ఉత్కల్ మాధురి, టమాటాలో ఉత్కల్ కుమారి. వాటిని కేవీకేలో అడగాలి. దొరక్కపోతే ఉస్తి మొక్క మీద అంటుకట్టిన వంగ నారు కోసం చూడండి. ఉస్తి వేరును ఆ తెగులు అంత తేలిగ్గా పట్టలేదు. మేడ మీద వాళ్లకు ఇక్కడొక్కచోట లాభం: చచ్చిన మొక్క సంచిలో మట్టిని పారబోస్తే పక్క సంచికి అంటదు, నీళ్లు దానిలోంచి దీనిలోకి కారకపోతే.

మట్టి పరీక్ష కూడా సర్కారు పనే, షాపుతో కాదు. మా ఎర్రనేలల్లో పులుపు ఎక్కువ. పరీక్షకు జానెడు లోతున నాలుగైదు చోట్ల తీసి కలిపి, ఆరబెట్టి, అరకిలో పట్టుకెళ్తే చాలు. సున్నం వెయ్యాలంటే ఎంతో వాళ్లే చెబుతారు. వీధిలో మామ్మలు పొయ్యి బూడిద చల్లడం ఊరికే కాదు. పులుపు నేలకు అది కొంత విరుగుడు, పొటాష్ కూడా అందులో ఉంటుంది. పేనుబంకకూ అదే చల్లుతారు, కొంచెం పనిచేస్తుంది. కానీ ప్రతిదానికీ బూడిదే అంటే మాత్రం నేనొప్పుకోను. బెండకు పల్లాకు వచ్చినా "దిష్టి" అనే మామ్మలున్నారు మరి.

పాదుల దగ్గర మాత్రం ముసలమ్మను మించినవాళ్లు లేరు. ఆనప, బీర, గుమ్మడి, చిక్కుడు, గోగు, బచ్చలి, వీటికి ప్యాకెట్ కొనడం డబ్బు దండగ. కొండ దిగి వచ్చే సవర ఆడవాళ్ల దగ్గర దొరికే చిక్కుడు రకాలు ఏ షాపులోనూ చూడలేదు. గింజతో పాటు ఎప్పుడు పెట్టాలో, ఎంత గెత్తం (పెంట ఎరువు) వెయ్యాలో, ఏ కాయను విత్తనానికి వదలాలో చెబుతారు, దానికి వేరే డబ్బులేం తీసుకోరు. ఒక సంగతి మటుకు వాళ్లు చెప్పరు, ఎందుకంటే పల్లెలో ఆ అవసరం రాదు. మేడ మీద పాదుకు పూలొస్తాయి, పిందె పసుపై రాలిపోతుంది. పురుగు తిరగక పుప్పొడి అందకపోతే ఇలా అవుతుంది. మగపువ్వు తెంపి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో ఉండే కీలాగ్రానికి రాయాలి. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి, కాకర తెల్లవారి. వేళ తప్పితే రాసినా ఫలితం ఉండదు.

కాబట్టి నా లెక్క ఇది. బెండ, క్యాబేజీ, కాలీఫ్లవర్ గింజలకు షాపు, అదీ సీసా కొనకుండా బయటికి రాగలిగితేనే. వంగ, టమాటాలకు, మట్టికి కేవీకే. మిగతా అన్నింటికీ ముసలమ్మ. ఒక్కరినే ఎంచుకోమంటే మొదటి ఏడాది ముసలమ్మనే ఎంచుకోండి, ఆమె చెప్పే పంటలు చచ్చేవి తక్కువ.

ఇక కోతులు. వీటి విషయంలో షాపువాడు నైలాన్ వల అమ్ముతాడు, రెండో వారానికి చిరుగుతుంది. కేవీకేని అడిగినా చివరికి వలో, కంచో అనే తేలుతుంది. ముసలమ్మ అయితే, "కంద, సేమ, అల్లం, పసుపు ఎయ్యి బాబూ, కోతి నోరెట్టదు" అంటుంది. నాలుగూ నీడ పడే మూలలో కూడా పెరుగుతాయి, వానలకు ముందు దుంప పాతితే చాలు.