నిమ్మతోటలో మినీ ట్రాక్టర్: కూలెంట్ చూడటం, డీజిల్ పోయడం

గూడూరు దగ్గర మా నిమ్మతోటలో ఈ 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ చాలా ఏళ్లుగా నడుస్తోంది. బలానికి లోటు లేదు, రోటవేటర్ తగిలించినా సాళ్ల మధ్య చక్కగా తిరుగుతుంది. షోరూంలో ఎవరూ అడగని రెండు సంగతులే రోజూ అవసరపడతాయి: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) చూసుకోవడం, డీజిల్ పోసుకోవడం.

కూలెంట్ విషయంలో ఈ బండికి మంచి మార్కులే వేస్తాను. బోనెట్ ఎత్తగానే రిజర్వ్ డబ్బా ఎదురుగా ఉంటుంది, లో, ఫుల్ గీతలు బాగా కనిపిస్తాయి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూస్తే సరిపోతుంది. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత జోలికి వెళ్లకండి. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగదు. మూత తెరిచిన క్షణంలో కుతకుతలాడి ముఖం మీదికి చిమ్ముతుంది.

డబ్బా నిండుగానే ఉన్నా ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎరుపు వైపు పోతోందంటే నేను ముందు చూసేది రేడియేటర్ జాలి. మా తోటలో ఎండాకాలం గడ్డి నూగు, ఎండుటాకుల పొడి దానిమీద కంబళి కప్పినట్టు పట్టేస్తాయి, ఇక గాలి ఆడదు. ఈ మోడల్‌లో జాలి పక్కనుంచి చేత్తోనే బయటికి వస్తుంది, స్పానర్ అక్కర్లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. రేడియేటర్ రెక్కలకు గాలి ఫ్యాన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ పైపు దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

మనకు గడ్డకట్టే చలి లేదు కదా, బోరు నీళ్లు పోస్తే చాలదా అంటారు. చాలదు. ఆ నీళ్లతో లోపల గార కడుతుంది, చిలుము పడుతుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోస్తే రెండూ తగ్గుతాయి, మరిగే వేడీ పెరుగుతుంది. పాత కూలెంట్ కింద పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, వాటికది ప్రాణాంతకం.

డీజిల్ పోసే చోటు మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. ట్యాంకు మూతకీ సైలెన్సర్‌కీ మధ్య జానెడు దూరమే ఉంది. గరాటు కాస్త పక్కకు ఒరిగితే ధార నేరుగా కాలే గొట్టం మీదే పడుతుంది. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదులే అనుకుంటారు. మన బీఐఎస్ ప్రమాణం ప్రకారం దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి, 35 డిగ్రీలకు తగ్గకూడదు, అంతే. మా మే నెల ఎండ ఆ అంకెను ఎప్పుడో దాటేస్తుంది. అందుకే ఇంజిన్ ఆపి, చల్లారాకే పోస్తాం. పని ముగిశాక సాయంత్రమే పోస్తే ఇంకో మేలు: ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ పట్టదు. ఫిల్టర్ కింది గాజు గిన్నెలో పసుపు డీజిల్ అడుగున తేటగా ఒక పొర కనిపిస్తే అది నీరే. గొంతు దాకా మాత్రం నింపకండి, వేడికి డీజిల్ ఉబ్బుతుంది.

చెట్ల మొదళ్లలో గడ్డి కోయడానికి వాడే పెట్రోల్ బ్రష్ కట్టర్‌కు ఇంకా జాగ్రత్త కావాలి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. దూరాన బీడీ కోసం గీసిన అగ్గిపుల్ల కూడా దానికి చాలు. మిషన్ నేల మీద పెట్టి నింపి, పది అడుగులు అవతలికి తీసుకెళ్లాకే తాడు లాగాలి.

తోట పనికి ఈ ట్రాక్టర్ కొనొచ్చనే నా మాట. కొనేముందు బోనెట్ ఎత్తించి, డీజిల్ మూత, సైలెన్సర్ ఎంత దగ్గరున్నాయో మీరే చూడండి. వాడేవాళ్లకు ఇంకొక్కటి: ఇంజిన్ చల్లారాక కూడా డబ్బాలోని కూలెంట్ రేడియేటర్‌లోకి తిరిగి పోకపోతే, రేడియేటర్ విప్పించే ముందు దాని మూత మార్చి చూడండి. చాలాసార్లు అరిగేది ఆ మూతలోని రబ్బరే.