బాసు వేధిస్తుంటే ఫిర్యాదా, రాజీనామానా?

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఉండే మన తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఓవర్‌టైం లెక్క రాయడు, సెలవు అడిగితే అందరి ముందూ తిడతాడు, తన తప్పు కిందివాళ్ల మీదకు తోస్తాడు. అలాంటివాడి కింద ఎన్నాళ్లని పనిచేయాలి?

ఖర్చు: జిల్లా లేబర్ ఆఫీసులో ఫిర్యాదుకు పెద్దగా ఖర్చవదు. రాజీనామా చేస్తే కొత్త జీతం వచ్చేదాకా అద్దె, పిల్లల ఫీజులు చేతినుంచే.

శ్రమ: ఫిర్యాదుకే ఎక్కువ. ఒడియా గలగలా మాట్లాడినా రాయడం రానివాళ్లు మనలో చాలామంది. దరఖాస్తు తెలిసినవాళ్లతో రాయించి, చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి. జీతం స్లిప్పులు, హాజరు ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు తేదీలవారీగా దాచుకోండి.

రిస్క్: ఫిర్యాదు చేస్తే కక్ష కట్టొచ్చు, అందుకే నలుగురూ కలిసి వెళ్లాలి. రాజీనామాకైతే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే డబ్బు, చూసుకోండి. పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా 5 ఏళ్ల సర్వీసు కావాలి. నాలుగేళ్లకే కోపంలో కాగితం విసిరేస్తే ఆ డబ్బు పోయినట్టే.

జీతం బకాయి, ఓవర్‌టైం లాంటి లెక్క తేలే అన్యాయమైతే ఫిర్యాదే మేలు. నిద్ర పట్టనంత టెన్షన్ పెట్టే తిట్లూ అవమానాలే అయితే, పార్వతీపురంలోనో విశాఖలోనో ఇంకో పని ఖాయం చేసుకుని బయటపడండి. ఆడవాళ్లపై లైంగిక వేధింపులకు దారి వేరు: 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.