మన్రో సమాధి కోసం మద్రాసు కోట చర్చికి

గుత్తి కోట కింద, పాత ఇంగ్లీషువాళ్ల శ్మశానంలో మన్రో స్మారకం ఉంది. దాని ముందు నిలబెట్టి మా పెదనాన్న ప్రతిసారీ ఒకే మాట చెప్పేవారు: "మనిషి ఇక్కడ లేడు నాయనా, మద్రాసు తీసుకుపోయారు." 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోను ముందు గుత్తిలోనే పూడ్చారు. 1831లో అస్థికలు తవ్వి తీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి చేర్చారు. పెదనాన్నకు డెబ్బై దాటాయి. ఆ రెండో చోటు కూడా చూపించాలని ఈసారి ఇద్దరం బయలుదేరాం.

తెల్లవారుజామున సెంట్రల్‌లో దిగి, స్టేషనుకు దగ్గరని పెరియమేట్‌లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. ఫోనులో వేడినీళ్లున్నాయన్నారు, లేవు. లిఫ్టు ఉందన్నారు, పనిచేయడం లేదు. పెద్దవాళ్లతో వచ్చేవారు గది కళ్లారా చూశాకే డబ్బు కట్టండి. ఎగ్మూరు వైపు కాస్త ఎక్కువ ఇచ్చినా నయం. రెండో రాత్రి అక్కడికే మారాం, హాయిగా నిద్రపట్టింది.

కోటకు ఆటో అవసరం లేదు. సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషనులో లోకల్ రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే కోట. అక్కడి నుంచి నడక. లోపల సచివాలయం, సైన్యం కార్యాలయాలు ఉన్నాయి కాబట్టి ఆధార్ కార్డు చూపించాలి, సంచులు తెరవాలి. కాపలావాళ్లు మర్యాదగానే మాట్లాడారు, పెదనాన్నకు కుర్చీ కూడా వేశారు.

తెల్లటి ఆ చర్చిని బయటి నుంచి చూస్తే ఎత్తయిన శిఖరమే కంటపడుతుంది. నిజానికి శిఖరం తర్వాత వచ్చింది. గోపురం 1701లో కట్టారు, ఇప్పుడున్న శిఖరం 1795 నాటిది. అసలు చర్చి పని 1678 మార్చి 25న, మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగనాడు మొదలైంది. సెయింట్ మేరీస్ అన్న పేరు అందుకే. ఈస్టిండియా కంపెనీ గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ పూనుకుని, కోటలోని ఇంగ్లీషువాళ్ల దగ్గర చందాలు పోగుచేసి కట్టించాడు. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. మన దేశంలో ఆంగ్లికన్ చర్చిలన్నిటిలోకీ ఇదే పాతది.

లోపలికి వెళ్లగానే పైకి చూడండి. దూలం లేదు, వాసం లేదు. ఇటుక, సున్నంతో లేపిన మూడు కమాను కప్పులు పక్కపక్కనే సాగిపోతాయి. ఫిరంగి గుండు పడినా కూలకూడదని అలా కట్టారు. గోడల మందం 4 అడుగులు, కప్పు మందం 2 అడుగులు. దేవుడి ఇంటిని మందుగుండు కొట్టులా కట్టుకున్నారంటే ఆ రోజుల్లో వాళ్లు ఎంత భయంతో బతికారో అర్థమవుతుంది. ఫ్రెంచివాళ్ల ముట్టడులు దాటి ఇది నిలబడిందంటే ఆ భయం చలవే. పెదనాన్న ఒకప్పుడు ఇళ్లు కట్టించినవారు. కిటికీ లోతులో మోచేతి దాకా చెయ్యి పెట్టి, "గానుగ సున్నం, గోరు దిగదు చూడు" అన్నారు. నునుపుగా, చల్లగా, గుడ్డు పెంకును తడిమినట్టుంది.

పల్లావరం నల్లరాతితో చెక్కిన బాప్తిస్మపు తొట్టిని, పీఠం మీది కడరాత్రి భోజనం చిత్రాన్ని తప్పక చూడండి. చిత్రకారుడెవరో తెలియదు, పాండిచ్చేరి నుంచి వచ్చిందని చెబుతారు. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లి జరిగింది కూడా ఇక్కడే.

ఆవరణలో కాలు పెట్టేచోటల్లా సమాధి రాళ్లే. వీటి కింద మనుషులు లేరు. పాత శ్మశానం కోట బయట, ఇప్పటి హైకోర్టు ప్రాంతంలో ఉండేది. 1758-59 ముట్టడిలో ఫ్రెంచివాళ్లు అక్కడి కట్టడాలను చాటు చేసుకుని కాల్పులు జరిపారు. మళ్లీ ఆ అవకాశం ఇవ్వకూడదని వాటిని పడగొట్టి, పలకలు తెచ్చి ఇక్కడ పరిచారు. లాటిన్ అక్షరాలు, వంశ చిహ్నాలు ఇంకా లోతుగానే ఉన్నాయి. వాటి మీద నడవడానికి పెదనాన్న ఒప్పుకోలేదు, అంచు వెంబడి చుట్టూ తిరిగి వచ్చారు.

మన్రో పేరు చర్చి లోపల దొరికింది. 1800లో నిజాం రాయలసీమను కంపెనీకి అప్పగించాక, 1807 దాకా కలెక్టరుగా ఊరూరా గుడారం వేసుకుని తిరిగి రైతు పేరుతోనే పన్ను లెక్క కట్టించిన మనిషి. పాళెగాళ్లను అణచిందీ ఆయనే, కంపెనీ ఖజానా నింపిందీ ఆయనే. అది మరచిపోకూడదు. అయినా మా వైపు జనం మన్రోలయ్య అని పిలుచుకున్నారు, పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. నేను తొందరపెట్టలేదు.

కోటలోని మ్యూజియం శుక్రవారం సెలవు. మేము వెళ్లింది శుక్రవారమే, మీరు ఆ పొరపాటు చేయకండి. ఆ సమయంలో ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్లాం. 1821 నాటి ఆ చర్చి చూడముచ్చటగా ఉంటుంది. గుండ్రటి మందిరం, 16 స్తంభాలు, నక్షత్రాలు చిత్రించిన నీలం గుమ్మటం. చిత్తడి నేల కావడంతో డి హావిలాండ్ అనే ఇంజినీరు మన ఒరబావుల పద్ధతిలో బావులు దింపి వాటి మీద పునాది వేశాడు. అందం చూడాలంటే నా ఓటు దానికే. ఒక్క పూటే ఉందంటే మాత్రం కోట చర్చికే వెళ్లండి.

తిరిగి వస్తూ బస్సులో ఐలాండ్ మైదానం దాటుతుంటే గుర్రం మీద మన్రో విగ్రహం కనిపించింది. జీను లేదు, రికాబులు లేవు. పెదనాన్న కిటికీలోంచి మెడ తిప్పి, అది కనిపించినంత దూరం చూస్తూనే ఉన్నారు.