ఇంగ్లండ్‌లో ‘స్పోర్ట్స్’ బోర్డింగ్ స్కూలుకి డిపాజిట్ కట్టే ముందు ఒకసారి ఇది చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటూ, పిల్లల్ని పల్లె వైపు ఉండే ప్రైవేటు బోర్డింగ్ స్కూల్లో వేద్దామని చూస్తున్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఓపెన్ డే (తల్లిదండ్రులకి స్కూలు తిప్పి చూపించే రోజు) నాడు వాళ్లు నోటితో చెప్పిన ప్రతి హామీనీ ఆ రాత్రే మెయిల్‌లో పెట్టి, "మాకు అర్థమైంది ఇదీ, సరేనా?" అని అడగండి. రాతలో జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి. చివర్లో మా మీద పడ్డ బిల్లు సగానికి తగ్గిందంటే అలాంటి మెయిల్ ఒకటి మా దగ్గర ఉండబట్టే.

స్కూలు పేరు రాయను. ఊరికి దూరంగా, చుట్టూ గొర్రెలు మేసే పొలాలు, వాటి మధ్య ఆరేడు గ్రౌండ్లు, ఆస్ట్రో టర్ఫ్, ఈతకొలను. హాస్టల్ పిల్లలూ, రోజూ ఇంటికి వెళ్లే డే పిల్లలూ కలిసి చదువుతారు. మావాడికి క్రికెట్ అంటే ప్రాణం. స్పోర్ట్స్ హెడ్ మమ్మల్ని గ్రౌండ్ చుట్టూ తిప్పుతూ, "మా దగ్గర ఆడకుండా కూర్చునే పిల్లాడు ఉండడు, ప్రతి శనివారం ప్రతి ఒక్కరికీ మ్యాచ్ ఉంటుంది" అన్నాడు. మా ఆయన ఆ రాత్రే ఆ మాట రాసి పంపించారు. అడ్మిషన్స్ ఆఫీసు నుంచి "అవును, నిజమే" అని జవాబొచ్చింది. 2024 సెప్టెంబరులో ఇయర్ సెవెన్‌లో (పదకొండేళ్లు నిండిన పిల్లల తరగతి) చేర్పించాం.

క్రికెట్ కోసం ఇలాంటి స్కూలు చూసేవాళ్లు ముందు క్యాలెండర్ చూడండి. చాలా స్కూళ్లలో మొదటి టర్ము మగపిల్లలకి రగ్బీ. జనవరి తర్వాత హాకీయో, ఫుట్‌బాలో. క్రికెట్ వచ్చేది ఏప్రిల్ చివర్లో మొదలయ్యే సమ్మర్ టర్ములోనే. ప్రైవేటు స్కూళ్లు జులై మొదట్లోనే మూసేస్తారు, మధ్యలో మే చివర ఒక వారం సెలవు, ఆపైన పరీక్షలు, వాన. మొత్తం ఏడాదికి ఫీజు కడతాం, క్రికెట్ దక్కేది ఆ కాస్త కాలమే. మావాణ్ణి సి టీమ్‌లో, అంటే మూడో జట్టులో వేశారు. అవతలి స్కూలుకి సి టీమ్ లేకపోతే మ్యాచ్ లేనట్టే. ‘ఎ’ టీమ్ పిల్లలు బస్సెక్కి వెళ్తుంటే మిగిలినవాళ్లు నెట్స్‌లో, అదీ కోచ్ ఖాళీగా ఉంటే. పైగా శనివారం స్కూల్లోనే గడిచిపోతుంది కాబట్టి మా ఊరి క్లబ్బులో ఆడే అవకాశమూ పోయింది. ఆ క్లబ్బులో ఉన్నప్పుడు వాడు ప్రతి వారం బ్యాటింగ్ చేసేవాడు!

స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ అన్న మాటకి కూడా పొంగిపోకండి. చాలా చోట్ల ఇప్పుడది పేరుకే. ఫీజులో కొద్ది శాతం తగ్గిస్తారు, కొన్నిచోట్ల అసలేమీ తగ్గించరు. అసలు రాయితీ బర్సరీలో ఉంటుంది, దానికి మన ఆదాయం, ఆస్తి అన్నీ చూపించాలి. స్కాలర్ అయిన పిల్లాడు మాత్రం స్కూలు పిలిచిన ప్రతి ప్రాక్టీసుకీ వెళ్లి తీరాలి.

డే పిల్లల తల్లిదండ్రులకి ఇంకో తలనొప్పి. మా స్కూల్లో శనివారం పొద్దున క్లాసులు, మధ్యాహ్నం మ్యాచ్‌లు. తెలుగు క్లాసు, గుడి, పుట్టినరోజు భోజనాలు అన్నీ ఆదివారానికి తోయాల్సొచ్చింది. మామూలు రోజుల్లో స్కూలు బస్సు ఆరింటికి బయల్దేరుతుంది, బయటి మ్యాచ్‌కి వెళ్లిన పిల్లలు తిరిగొచ్చేసరికి అది ఉండదు. వీధి దీపాలు లేని సన్న రోడ్ల మీద మనమే వెళ్లి తెచ్చుకోవాలి. "అలాంటి రోజుల్లో ఫ్లెక్సీ బోర్డింగ్ ఉందిగా" అన్నారు, అంటే కావాల్సిన రాత్రికి మాత్రం హాస్టల్లో ఉంచడం. ఉంది, మంచం ఖాళీ ఉంటే. రాత్రికింత అని వేరే బిల్లు. పిల్లాణ్ణి పూర్తిగా హాస్టల్లో వేసేవాళ్లయితే ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: శనివారం రాత్రి హాస్టల్లో నిజంగా ఎంతమంది ఉంటారు? వారానికోసారి ఇంటికి వెళ్లేవాళ్లు ఎక్కువున్న చోట, శనివారం సాయంత్రానికి హాస్టల్ ఖాళీ అయిపోయి మన పిల్లాడొక్కడే టీవీ ముందు మిగులుతాడు. వెజ్ భోజనం గురించి చెప్పడం మొదలుపెడితే ఈ పోస్టు తెగదు. ఉడికించిన ఆలుగడ్డ మీద చీజ్ అని ఊరుకుంటాను.

ఇక బిల్లు. 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజు మీద 20 శాతం వ్యాట్ వచ్చింది. హాస్టల్ ఫీజుకీ అంతే. టర్ముకి 7,000 పౌండ్లు అనుకుంటే 1,400 అదనం, ఏడాదికి మూడు టర్ములు. ఓపెన్ డేలో "చాలావరకు మేమే భరిస్తాం" అన్నారు గానీ, మెయిల్‌లో మాత్రం ఆ ప్రశ్నకి తప్పించుకునే జవాబే వచ్చింది. చివరికి మొత్తం మా నెత్తినే పడింది. ఒక్క విషయం చూసుకోండి: భోజనం, స్కూలు బస్సు మీద మామూలుగా ఈ వ్యాట్ వర్తించదు. అన్నీ ఒకే లైనులో కలిపేసి బిల్లు పంపితే విడివిడిగా చూపించమని అడగండి.

ఇంతవరకూ డబ్బు సంగతే, సర్దుకుపోయేవాళ్లం. రెండో ఏడాది నవంబరులో రగ్బీ ఆడుతుంటే మావాడి తలకి దెబ్బ తగిలింది. స్కూలు నర్సు చూసి కంకషన్ (తల అదిరి మెదడుకి తగిలే దెబ్బ) అనే రాసింది. వారం తిరక్కుండానే వాణ్ణి మళ్లీ కాంటాక్ట్ ప్రాక్టీసులో దింపారు. అడిగితే, "వాడే ఆడతానన్నాడండీ" అన్నారు. పన్నెండేళ్ల పిల్లాడు టీమ్‌లో చోటు కోసం ఆడననే అనడు కదా! ఇక్కడ 2023లో వచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, కంకషన్ తర్వాత కనీసం 21 రోజులు గడవకుండా మ్యాచ్ ఆడకూడదు. తలనొప్పి, తల తిరగడం లాంటివేవీ లేకుండా 14 రోజులు గడిస్తే గానీ ఒకరినొకరు ఢీకొనే ప్రాక్టీసుకి వెళ్లకూడదు. ఆటల పేరు చెప్పి ఫీజు తీసుకునే స్కూలుకి ఈ మాత్రం తెలియదని నేననుకోను. క్రిస్మస్ సెలవులతో మాన్పించేశాం.

అప్పుడొచ్చింది అసలు బిల్లు. ఈ స్కూళ్ల ఒప్పందాల్లో దాదాపు అన్నిట్లో ‘ఒక టర్ము నోటీసు’ అని ఉంటుంది. మూడు నెలల ముందు చెప్తే చాలని అందరూ అనుకుంటారు. కాదు. క్రిస్మస్‌కి మాన్పించాలంటే సెప్టెంబరు టర్ము మొదటి రోజుకి ముందే రాతలో చెప్పి ఉండాలి. లేదంటే జనవరి టర్ము ఫీజు మొత్తం, పిల్లాడు గడప తొక్కకపోయినా కట్టాలి. తల్లీ తండ్రీ ఇద్దరితో సంతకం పెట్టించుకుంటారు, ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేయొచ్చు. డిపాజిట్ పిల్లాడు మానేసేదాకా వాళ్ల దగ్గరే ఉంటుంది, చాలాచోట్ల వడ్డీ ఉండదు.

మేం కట్టబోమని రాశాం. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఇక్కడ పనికొచ్చింది. సేవ గురించి అమ్మేవాళ్లు చెప్పిన మాట నమ్మి మనం ఒప్పుకుంటే, అది నోటి మాటైనా సరే, ఒప్పందంలో భాగమే అవుతుంది. రుజువు చేయడమే కష్టం. మా దగ్గర "ప్రతి శనివారం మ్యాచ్" అన్న మాటకి వాళ్లు అవునని రాసిన మెయిల్ ఉంది, కంకషన్ అని నర్సు రాసిన కాగితం ఉంది. ఇంగ్లండ్‌లో ప్రతి ప్రైవేటు స్కూలుకీ రాతపూర్వక ఫిర్యాదు పద్ధతి ఉండాలి, ఆఖరి దశలో కూర్చునే ప్యానెల్‌లో స్కూలు నిర్వహణతో సంబంధం లేని మనిషి కనీసం ఒకరుండాలి. ఆ ప్యానెల్ దాకా వెళ్తామని, అవసరమైతే 10,000 పౌండ్ల లోపు వివాదాలు చూసే చిన్న కోర్టుకీ వెళ్తామని రాశాక సగానికి దిగొచ్చారు. మిగతా సగం డిపాజిట్‌లో మినహాయించుకున్నారు. ఇంకా పోట్లాడే ఓపిక లేక వదిలేశాం. ఆన్‌లైన్‌లో ఇంటి నుంచి సంతకం పెట్టినవాళ్లకి మామూలుగా 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంటుంది, అదీ గుర్తుంచుకోండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి పిల్లల్ని చైల్డ్ స్టూడెంట్ వీసా మీద పంపుదామనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డిపాజిట్ మీకు చాలా ఎక్కువ అడుగుతారు, ఒక్కోచోట టర్ము ఫీజంత. ఆ వీసా ఆ స్కూలుకే ముడిపడి ఉంటుంది. నచ్చలేదని స్కూలు మార్చాలంటే మళ్లీ వీసాకి దరఖాస్తు చేసుకోవాలి.

ఇలాంటి స్కూళ్లలో చాలావాటిని తనిఖీ చేసేది ఐఎస్ఐ (ఇండిపెండెంట్ స్కూల్స్ ఇన్‌స్పెక్టరేట్) అనే సంస్థ, దాని నివేదికలు ఆ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. 2023 సెప్టెంబరు నుంచి ‘ఎక్సలెంట్’ లాంటి గ్రేడు ఇవ్వడం లేదు. కాబట్టి బోర్డుల మీద ఇంకా ఆ మాట కనిపిస్తే అది పాత నివేదికదే. హాస్టల్ జీవితమే కావాలనుకునే యూకే కుటుంబాలు ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్లు కూడా చూడండి. చదువు ఉచితం, హాస్టల్‌కి మాత్రమే ఫీజు, దాని మీద వ్యాట్ లేదు. అర్హత షరతులుంటాయి కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ఆ జవాబు కూడా మెయిల్‌లోనే తెప్పించుకోండి.