ఐస్‌లాండ్ పొగా, పినతుబో పొగా?

శ్రీకాకుళంలో రైస్ మిల్లు పక్కన ఉండేవాళ్లకి ఊక బూడిద కొత్త కాదు. మేడ మీద ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాల్సిందే. అగ్నిపర్వతం బూడిద అలాంటిది కాదు, అది పొడైపోయిన రాయి, గాజు.

2010లో ఐస్‌లాండ్‌లో ఓ అగ్నిపర్వతం పేలినప్పుడు దాని పొగ సుమారు 9 కిలోమీటర్లే లేచింది. కానీ విమానాల దారీ అదే ఎత్తులో ఉంటుంది. ఇంజిన్ వేడికి గాజు రేణువులు కరిగి లోపల అంటుకుంటాయన్న భయంతో యూరప్‌లో దాదాపు లక్ష ఫ్లైట్లు రద్దయ్యాయి. టెన్షన్ అంతా ప్రయాణికులదే, వాతావరణానికి పెద్దగా ఏమీ కాలేదు.

ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం అసలైన ఘటం. 1991 జూన్ 15న దాని పొగ చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుంది. ఆ గాలి వేడెక్కి తేలికపడేకొద్దీ ఇంకా ఇంకా పైకి, దాదాపు 35 కిలోమీటర్లు లేచింది. మేఘాలు దాటిన ఆ ఎత్తులో కడిగెయ్యడానికి వాన ఉండదు. బూడిద త్వరగానే రాలిపోయింది. గంధకం వాయువు మాత్రం, ఒకటిన్నర కోటి టన్నులకు పైనే, సన్నటి ఆమ్ల తుంపరగా మారి ఏడాదికి పైగా నిలిచి ఎండను అడ్డుకుంది. భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 0.5 డిగ్రీలు తగ్గింది. నన్నడిగితే బూడిద కన్నా ఈ గ్యాసే గట్టిది.

కింద ఉన్నవాళ్లకి మాత్రం బూడిదే యముడు. సరిగ్గా అదే రోజు అక్కడ తుపాను. 2018లో తిత్లీని చూసిన పలాసవాళ్లు ఊహించుకోగలరు. తడిసిన బూడిద బరువుకి ఇళ్ల కప్పులు కూలి వందల మంది చనిపోయారు.