ఒక పాస్‌పోర్టు, రెండు లాడ్జీలు, ఒక ఆవకాయ సీసా

కువైట్‌లో ఏడేళ్లు ఒకే రూములో ఉన్నాం ముగ్గురం. పీలేరు నుంచి నేను, శ్రీలంకలో జాఫ్నా పక్కనుంచి ఒక తమ్ముడు, పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ నుంచి ఒక భాయ్. నేను ఊరికొచ్చేసి రెండేళ్లయింది. మొన్న జనవరిలో తమ్ముడు సెలవు మీద ఇంటికి పోతూ చెన్నైలో దిగి, మూడు రోజులు తిరుపతి చూసుకుని పోతానన్నాడు. "నాకూ ఒక రూము తీయండి" అని ఫోన్లో భాయ్ జోకు. ముగ్గురం నవ్వాం గానీ, అది జరిగే పని కాదని ముగ్గురికీ తెలుసు.

ముందు బస సంగతి. బయటి దేశం వాళ్లను తీసుకొచ్చేవాళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో కౌంటర్ కుర్రాడు తమ్ముడితో పది నిమిషాలు అరవంలో ముచ్చట్లాడాడు. "తమిళనాడులో ఏ ఊరన్నా?" అని అడిగాడు, తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. పాస్‌పోర్టు బయటికి రాగానే ఆ తాళంచెవి మళ్లీ సొరుగులోకి వెళ్లిపోయింది. "ఆధార్ ఉంటేనే సార్. ఫారినర్ అయితే ఫారం-సి పెట్టాలి, మా దగ్గర లాగిన్ లేదు." రూలు ఉన్నమాట నిజమే. విదేశీయుడు దిగిన 24 గంటల్లోపు ఆన్‌లైన్లో వివరాలు పంపాలి. చిన్న లాడ్జీల వాళ్లు ఆ తలనొప్పి ఎందుకని ఏకంగా వద్దంటారు. చివరికి రేణిగుంట రోడ్డులో ఒక హోటల్లో దొరికింది. అద్దె రెండింతలు, రూము శుభ్రం, వేణ్నీళ్లు పొద్దునంతా వచ్చాయి, ఇడ్లీ మాత్రం చల్లటిది. ఫారం-సి పది నిమిషాల్లో అయిపోయింది. బుక్ చేసే ముందే ఫోన్ చేసి ఈ ఒక్క మాట అడగండి.

తిరుమల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 300 రూపాయల దర్శనం మూడు గంటలు పట్టింది. నన్నడిగితే కొండమీద అన్నిటికంటే మంచి సర్వీసు వెంగమాంబ అన్నప్రసాద భవనానిదే. పక్కన ఎవరు కూర్చున్నారో, ఏ ఊరో అడిగేవాడు లేడు. సాంబారు రెండోసారి కూడా వేడిగానే పోశారు.

చంద్రగిరికి మధ్యాహ్నం వెళ్లాం. శుక్రవారం మ్యూజియం సెలవు, చూసుకుని వెళ్లండి. రాజమహల్ మెట్లమీద కూర్చుని తమ్ముడికి కథ చెప్పాను. దక్కన్ సుల్తానులు ఎప్పుడూ ఒకరితో ఒకరు కొట్టుకునేవాళ్లే. 1565లో మాత్రం కలిసి విజయనగరాన్ని ఓడించారు, గెలిచాక మళ్లీ ఎవరి కత్తి వాళ్లది. రాయలు పెనుకొండకి, అక్కణ్నుంచి చంద్రగిరికి వచ్చారు. 1639లో మద్రాసులో కోట కట్టుకోమని ఇంగ్లీషు కంపెనీకి స్థలం దక్కింది ఆ చంద్రగిరి రాయల కాలంలోనే. "పక్కింటోళ్లు కొట్టుకుంటుంటే వీళ్లొచ్చి చాప వేసుకున్నారన్నమాట" అన్నాడు తమ్ముడు. గైడు ఇంతకన్నా పొట్టిగా చెప్పలేడు.

మూడోరోజు కారు మాట్లాడుకుని సూళ్లూరుపేట. ఈ ట్రిప్పులో నాకు నచ్చింది ఇదే. శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది, జనవరిలో అటూ ఇటూ ఫ్లెమింగోలు. (పక్షులకు వీసా అక్కర్లేదు అనే డైలాగు నేను రాయను.) షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాకా పోకుండా అటకానితిప్ప దగ్గరే ఆగిపోయాం. నీళ్ల సీసాలు, టోపీలు తెచ్చుకోండి, నీడ తక్కువ.

అవతల నుంచే 2017 మే 5న దక్షిణాసియా ఉపగ్రహం లేచింది. 2014 జూన్ 30న మోదీ శ్రీహరికోటకు వచ్చినప్పుడు ఇస్రోను అడిగింది సార్క్ ఉపగ్రహం, అంటే దక్షిణాసియా దేశాల కూటమి కోసం ఒకటి. పాకిస్తాన్ మాకొద్దని తప్పుకుంది, పేరులోంచి సార్క్ కూడా పోయింది. "అదీ మన రూము లాంటిదే కదా, భాయ్ లేకుండా" అన్నాను.

తమ్ముడు ఒప్పుకోలేదు. మా రూములో ఒక రూలుండేది. మ్యాచ్ రోజు టీవీ వెయ్యకూడదు, వంట వంతు మాత్రం ఎగ్గొట్టకూడదు. 1985లో ఢాకాలో పుట్టిన సార్క్ చార్టర్లోనూ దాదాపు అదే ఉంది, ఇద్దరి మధ్య తగాదాలు అక్కడ మాట్లాడకూడదని. దాంతోపాటు ఇంకోటి పెట్టుకున్నారు, ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకుంటేనే. మా రూములో భాయ్ అలిగి పడుకున్నా కూర ఉడికేది. అక్కడ ఒక్కరు కాదంటే పొయ్యే వెలగదు. 2014 ఖాట్మండు శిఖరాగ్ర సమావేశమే ఆఖరిది. 2016లో ఉరీ దాడి తర్వాత ఇస్లామాబాద్ సమావేశం ఆగిపోయింది, మళ్లీ జరగనే లేదు. సరిహద్దులు దాటి వాహనాలు తిరిగేందుకు సార్క్ అనుకున్న ఒప్పందాన్ని పాకిస్తాన్ ఆపితే 2015లో బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్‌తో కలిసి మనం విడిగా సంతకాలు పెట్టాం. లారీలు ఎక్కువైపోతాయని భూటాన్ కూడా వెనక్కి తగ్గింది.

"అన్నా, మీరు పెద్దోళ్లు, మధ్యలో కూర్చున్నారు" అన్నాడు. "1987లో మీ సైన్యం శాంతికని మా ఊరికొచ్చి 1990దాకా ఉంది. మా నాయన ఆ మూడేళ్ల గురించి నోరు విప్పడు. 2022లో పెట్రోలు క్యూలో నిలబడి, ఇండియా ఓడ వచ్చిందా అని రోజూ అడిగిందీ ఆయనే." నా దగ్గర దీనికి జవాబు లేదు.

తిరిగొచ్చేటప్పుడు చేపలమ్మే ఒకాయన దగ్గర ఆగాం. తమ్ముడి బావ సముద్రం మీదే బతుకుతాడు, మన ట్రాలర్లు అక్కడికొచ్చి వలలు తెంపుకుపోతాయట. చేపలాయన నవ్వి, "మాకూ తమిళనాడు పడవలతో ఇదే గోల సార్" అన్నాడు. మరి ఎట్ల సర్దుకుంటారు అని అడిగితే, పెద్దమనుషులు కూర్చుంటారు, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మామూలే అన్నాడు. చేపకు ధర మాత్రం తగ్గించలేదు.

రాత్రి భాయ్‌కి వీడియో కాల్ చేశాం. లడ్డు వద్దట, మా ఆవిడ పెట్టే ఆవకాయ కావాలట. రొట్టెలో అదే అలవాటైంది తనకి. పాకిస్తాన్ సరిహద్దులో అట్టారీ గేటు 2025లో మూసేశారు, పార్శిళ్లు లేవు. సీసాని రెండు కవర్లలో చుట్టి, పైన పేపరు చుట్టి, తమ్ముడి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టాం. చెన్నై నుంచి జాఫ్నా, సెలవైపోయాక అక్కణ్నుంచి కువైట్. తిరుపతి నుంచి సియాల్‌కోట్ వాడి కంచంలోకి అదే దగ్గర దారి. తూకం వేస్తే లిమిట్ మీద కిలోన్నర ఎక్కువొచ్చింది. తమ్ముడు కాసేపు ఆలోచించి చెప్పులు తీసి బయట పెట్టాడు.